పిల్లలన్నీ మగవే ఎందుకు? గోదావరి డెల్టాలో డ్వార్ఫ్ సిక్లిడ్‌ల పెంపకం

డ్వార్ఫ్ సిక్లిడ్‌లు పెంచే మనవాళ్ళ నోట తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. "ఎండాకాలంలో పిల్లలు తీశామండి. బాగానే బతికాయి, బాగానే పెరిగాయి. తీరా చూస్తే అన్నీ మగవే." భీమవరంలో అడిగినా అమలాపురంలో అడిగినా ఇదే మాట. కొందరు కొట్టువాడు ఏదో నాసిరకం అంటగట్టాడంటారు. కొందరు మేతను తిడతారు. ఎక్కువమంది పీహెచ్ కుదరలేదని తేల్చేసి ఇంకో సీసా మందు కొంటారు. అసలు జవాబు చాలా ఇళ్ళలో ట్యాంకుకు ఎదురుగా గోడకే వేలాడుతూ ఉంటుంది. అది క్యాలెండరు.

ఈ చేపల పెంపకంలో వేడి, నీటి గుణం, తల్లి చేప స్వభావం అనే మూడు సంగతులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయి ఉంటాయి. వేడి చేసిన పనికి నీటిని నిందిస్తాం, నీరు చేసిన పనికి తల్లిని నిందిస్తాం. విడదీసి చూసుకుంటే మన డెల్టా వీటికి అంత పరాయి చోటేమీ కాదు. చలికాలంలోనైతే చెన్నై, హైదరాబాద్ వాళ్ళకంటే మనకే వెసులుబాటు ఎక్కువని నా ఉద్దేశం.

ముందు చేపల సంగతి. సిక్లిడ్ కుటుంబం మనకు కొత్త కాదు. 1952లో దేశంలోకి తెచ్చాక చెరువుల్లోనూ మురుగు కాలవల్లోనూ స్థిరపడిపోయిన తిలాపియా ఆ కుటుంబానిదే. కొట్లలో కనిపించే ఏంజెల్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ కూడా దానికి దాయాదులే. వీటిలో పది సెంటీమీటర్లు దాటకముందే పెరుగుదల ఆగిపోయే రకాలను డ్వార్ఫ్ సిక్లిడ్‌లంటారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలకు తూర్పున ఉండే ఎపిస్టోగ్రమా ప్రజాతిలోనే 90కి పైగా జాతులున్నాయి. పెంపకందార్లు ముద్దుగా "ఎపిస్టో" అంటారు. వెనిజులా, కొలంబియాల పచ్చిక మైదానాల నుంచి వచ్చింది ర్యామ్. పశ్చిమ ఆఫ్రికాలో నైజీరియా దక్షిణ తీరపు ఏళ్ళ నుంచి వచ్చింది క్రిబెన్సిస్. మిగతా అక్వేరియం చేపల్లో చాలావాటికి గుడ్లు పెట్టి వదిలేయడమే తెలుసు. ఇవి మాత్రం గుడ్లకు కాపలా కాస్తాయి, పిల్లల్ని వెంటేసుకుని తిప్పుతాయి, అడ్డొస్తే మన వేలిని కూడా కొరకడానికి వస్తాయి. వీటి మీద మోజంతా అందుకే.

ఎండ చేసే నిర్ణయం

మనుషుల్లో మగా ఆడా అన్నది గర్భం నిలిచిన క్షణంలోనే క్రోమోజోములు తేల్చేస్తాయి. ఎపిస్టోల్లో ఆ తీర్పు అంత త్వరగా రాదు. జర్మన్ పరిశోధకులు రోమర్, బైసెన్‌హెర్జ్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ప్రజాతికి చెందిన 30కి పైగా జాతుల పిల్లల్ని వేర్వేరు వేడిలో పెంచి చూశారు. 23 డిగ్రీల దగ్గర ఆడవి ఎక్కువయ్యాయి, 29 దగ్గర మగవి ఎక్కువయ్యాయి, 26 ప్రాంతంలో రెండూ కాస్త సమంగా వచ్చాయి. జాతిని బట్టి హెచ్చుతగ్గులున్నా మొగ్గు మాత్రం అటే. గుడ్లు పెట్టినప్పటి నుంచి మొదటి నెల, నెలన్నర వరకే ఈ ప్రభావం. ఆ గడువు దాటాక ట్యాంకు ఎంత వేడెక్కినా ఆడది మగదిగా మారదు.

దీన్ని మన ఇంటికి తెచ్చుకుందాం. మార్చి దాటితే డాబా ఇంట్లో, ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్ళు 29 దగ్గరికి వచ్చేస్తాయి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అప్పుడు 32 కూడా దాటుతుంది. వానలు పడ్డాక కాస్త దిగుతుందే గానీ సెప్టెంబరు దాకా 28, 30 మధ్యే ఊగుతుంది. అంటే ఏడాదిలో ఆరేడు నెలలు మన ట్యాంకు మగపిల్లల కార్ఖానా. ఇందులో కొట్టువాడి మోసమూ లేదు, మేత లోపమూ లేదు.

కార్తీక పౌర్ణమి నుంచి శివరాత్రి దాకా కథ మారుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న సామెత ఎపిస్టో పెంచేవాళ్ళకు కచ్చితమైన గడువు. ఆ మూడు నెలల పైచిలుకు కాలంలో ట్యాంకు నీరు దానంతట అదే 22 నుంచి 27 మధ్య ఉంటుంది. గుడ్లు పెట్టించేది ఉంటే అప్పుడే పెట్టించాలి. నవంబరు చివర పెట్టిన గుడ్లు జనవరి మధ్యకల్లా మగ ఆడ తేలే గడువు దాటిపోతాయి. ఏప్రిల్ వేడి తగిలేసరికి పిల్లలు చేతికొచ్చి ఉంటాయి. ఇక్కడ తమాషా ఏమిటంటే, డెల్టాలో హీటరు అవసరమయ్యేది కూడా ఈ కాలంలోనే. పుష్యమాసపు తెల్లవారుజామున నీరు 22కి పడి మధ్యాహ్నం 25కి ఎక్కుతుంటే ఆడపిల్లలే ఎక్కువ రావచ్చు, గుడ్లకు బూజూ పట్టొచ్చు. 26 దగ్గర పెట్టిన చిన్న హీటరు ఆ ఊపును ఆపుతుంది. "గోదావరి జిల్లాలో హీటరేంటండీ" అని నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి.

ఎండాకాలంలో చల్లబరచడం ఎలా? నీటి పైన చిన్న ఫ్యాను పెట్టి గాలి తగిలిస్తే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ కోనసీమ ఉక్కపోతలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఒక్క డిగ్రీ దిగడమూ గగనమే. పడమటి గాలి కొట్టే పొడి రోజుల్లో ఇదే ఫ్యాను బాగా పనిచేస్తుంది. ఆవిరైన మేరకు మళ్ళీ పోసే నీళ్ళు ఆర్వో నీళ్ళే అయి ఉండాలి. ఆవిరి పోతుంది గానీ లవణాలు పోవు, కుళాయి నీళ్ళే పోస్తూ పోతే నెల తిరిగేసరికి నీరు చిక్కబడుతుంది. ఐసు సీసాలు వేయడం నాకు నచ్చదు. గంటలో మూడు డిగ్రీలు దించి, మూడు గంటల్లో మళ్ళీ ఎక్కించే వైద్యం అది. వేడి నీటిలో ప్రాణవాయువూ తక్కువే. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు 8.2 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే 32 దగ్గర 7.3 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మే నెలలో చేపల్ని బతికించుకోవడమే పని, పిల్లలు తీయడం కాదు. మేత సగం చేసి, గాలి రెట్టింపు చేసి, గుడ్లు పెట్టినా పట్టించుకోకుండా ఉండటం మేలు.

ర్యామ్‌ది మాత్రం వేరే దారి. అది పుట్టిన మైదానాల్లో నీళ్ళు ఎండకు బాగా కాగుతాయి, 27 నుంచి 30 దానికి హాయి. చల్లటి ఊళ్ళలో దీని కోసం ఏడాదంతా హీటరు కాల్చాలి, మనకు అక్కర్లేదు. క్రిబెన్సిస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. అక్కడ మగ ఆడ లెక్కను వేడికంటే పీహెచ్ ఎక్కువ నడిపిస్తుంది. ఆమ్ల నీటిలో మగవి, ఏడు దగ్గరి నీటిలో ఆడవి ఎక్కువ వస్తాయి. ఎపిస్టోలు పెంచేవాళ్ళూ క్రిబెన్సిస్ పెంచేవాళ్ళూ ఒకరి అనుభవం ఇంకొకరికి చెప్పుకుని తికమకపడేది ఇక్కడే.

నీరు: నాలుగు అంకెలు, నాలుగు సంగతులు

పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, టీడీఎస్. ఈ నాలుగూ ఒకటే అన్నట్టు మాట్లాడటం వల్లే సగం డబ్బు వృథా. మన అదృష్టం ఏమిటంటే ఇవేవో విదేశీ మాటలు కావు. వనామి రొయ్యల రైతును నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నీటిని పట్టుకెళ్తే పరీక్షించి చీటీ రాసిచ్చే ఆక్వా ల్యాబులు భీమవరం చుట్టుపక్కల వీధికొకటి ఉన్నాయి. దిగుమతి టెస్ట్ కిట్ల మీద వేలు పోసే ముందు ఒక సీసా నీళ్ళు అక్కడికి పట్టుకెళ్ళండి.

ఆ చీటీ చదవడంలో ఒక్కటే తేడా. రొయ్యల రైతు ఆల్కలినిటీ 100 పీపీఎం (లీటరుకు 100 మిల్లీగ్రాములు) దాటి ఉండాలని కోరుకుంటాడు, తగ్గితే సున్నమో సోడానో వేస్తాడు. ఎపిస్టో పెంచేవాడికి అదే అంకె వీలైనంత తక్కువ కావాలి. అక్వేరియం పుస్తకాల్లో ఈ లెక్కలు జర్మన్ డిగ్రీల్లో ఉంటాయి. ల్యాబు చీటీలోని పీపీఎంను 18తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. 180 పీపీఎం అంటే పది డిగ్రీలు.

పీహెచ్ అనేది నీరు ఆ క్షణాన ఎంత పుల్లగా ఉందో చెబుతుంది. ఆల్కలినిటీ, పుస్తకాల భాషలో కేహెచ్, ఆ పులుపును మింగేసే శక్తి. 150 పీపీఎం ఆల్కలినిటీ ఉన్న నీటిలో పీహెచ్ తగ్గించే మందు పోస్తే సాయంత్రానికి తగ్గుతుంది, తెల్లారేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ పోస్తారు. ఈ ఎక్కిదిగడమే చేపను చంపుతుంది, ఏడున్నర పీహెచ్ కాదు. నిమ్మకాయ పిండినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు నమస్కారం. ముందు ఆల్కలినిటీ తగ్గించాలి, అప్పుడు పీహెచ్ దాని వెనకే వస్తుంది.

హార్డ్‌నెస్ అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. గుడ్ల భవిష్యత్తు ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. అమెజాన్ నల్లనీటి ఏళ్ళలో దాదాపు లవణాలే ఉండవు. రియో నీగ్రో లాంటి చోట పీహెచ్ ఐదు కిందికీ దిగుతుంది. అలాంటి చోట పుట్టిన జాతులు మన బోరు నీళ్ళలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, గుడ్లూ పెడతాయి. మూడో రోజుకు ఆ గుడ్లు తెల్లబడి బూజుపడతాయి. "తల్లి గుడ్లు తినేసింది" అనే నింద చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. పాడైన గుడ్లను తల్లే ఏరి పారేస్తుంది, మనం అది చూసి దొంగ అంటాం.

ఇక టీడీఎస్. జేబులో పట్టే మీటరు చవగ్గా దొరుకుతుంది కాబట్టి అందరూ దీన్నే నమ్ముకున్నారు. అది కరిగినవన్నీ కలిపి చెబుతుంది, ఏది ఎంతో చెప్పదు. రాజోలు, సఖినేటిపల్లి వైపు తీర గ్రామాల్లో బోరు నీటి టీడీఎస్‌లో పెద్ద వాటా మామూలు ఉప్పుదే. రావులపాలెం దగ్గర అదే అంకె వచ్చినా అందులో సున్నపు వాటా ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి ఒకసారైనా ల్యాబులో హార్డ్‌నెస్ విడిగా తేల్చుకోవాలి. బట్టల మిషను కోసం పెట్టించుకున్న సాఫ్ట్‌నర్ కూడా ఇందుకు పనికిరాదు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, ఆల్కలినిటీ ముట్టుకోదు.

మరి మెత్తటి నీరు ఎక్కడ దొరుకుతుంది? ఊరూరా ఉన్న మంచినీళ్ళ ప్లాంటులో. 20 లీటర్ల టిన్ను ఆర్వో నీరే, టీడీఎస్ మామూలుగా పదుల్లో ఉంటుంది. మీటరు పెట్టి చూసుకునే కొనాలి, పొర పాతబడిన ప్లాంటు నీళ్ళు అనుకున్నంత మెత్తగా ఉండవు. కలుపుకునే లెక్క తేలిక. కుళాయి నీరు 300, ఆర్వో నీరు 30 అనుకుందాం. ఒక బిందె కుళాయికి రెండు బిందెల ఆర్వో కలిపితే 360ని మూడుతో భాగించి 120. కకటోయిడెస్ లాంటి గట్టి ఎపిస్టో జాతికి ఇది చాలు. వాన నీరు ఇంకా మంచిది, అదీ ఉచితంగా. తొలి వానలు డాబాను కడిగేసి పోయాక పట్టుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపాను వానలు సరిగ్గా మన కాలానికి అందివస్తాయి కూడా. మూత ఉన్న డ్రమ్ములో నింపి ఉంచుకుంటే చలికాలమంతా గడిచిపోతుంది. మూత లేకపోతే దోమలు మీకంటే ముందే వాడుకుంటాయి.

కాలవ నీటిది ఇంకో తంతు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలు పారుతున్నన్నాళ్ళూ నీరు ఒక తీరుగా ఉంటుంది. వేసవిలో కాలవలు కట్టేశాక పంచాయతీ మంచినీటి చెరువులో నిల్వ ఉన్న నీరే కుళాయికి వస్తుంది. అది రోజురోజుకూ చిక్కబడుతుంది, పచ్చబడుతుంది, క్లోరిన్ మోతాదూ పెరుగుతుంది. మార్చిలో బాగున్న నీళ్ళు మేలో ఎందుకు చేపల్ని ఇబ్బంది పెట్టాయంటే ఇదీ ఒక కారణం. కాలవలు వదిలిన మొదటి వారం నీళ్ళు కూడా ట్యాంకులో పోయకండి. కాలవలో పేరుకున్న చెత్తంతా అందులోనే వస్తుంది. క్లోరిన్‌కు హేచరీలవాళ్ళు వాడే సోడియం థయోసల్ఫేట్ చిటికెడు చాలు. ఒకరోజు బకెట్లో గాలి కొట్టించినా పోతుంది.

మెత్తదనం మోజులో అచ్చంగా ఆర్వో నీళ్ళే పోయడం ఇంకో కొసన జరిగే తప్పు. ట్యాంకులో చేపల వ్యర్థం అమ్మోనియా అవుతుంది, దాన్ని బాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పనిలో ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అది సున్నాకు చేరితే పీహెచ్ ఆరు కిందికి జారిపోతుంది, బాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా పోగవుతుంది. పుల్లటి నీటిలో అది అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలకు పెద్దగా తెలియదు. ఒకరోజు శుభ్రం చేద్దామని సగం నీళ్ళు తీసి ఎనిమిది పీహెచ్ ఉన్న బోరు నీళ్ళు పోస్తాం. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపు అమ్మోనియా వాటా దాదాపు పదింతలవుతుంది. "నీళ్ళు మార్చగానే చచ్చిపోయాయండి" అనే కథ వెనక ఉండేది ఇదే. వారానికి నాలుగో వంతు నీళ్ళు, ఎప్పుడూ అదే పాళ్ళలో కలిపినవి మారిస్తే ఈ గొడవ రాదు.

బాదం ఆకు గురించి ఇక్కడే చెప్పాలి. ప్రపంచమంతా ఎపిస్టో పెంచేవాళ్ళు కటప్పా ఆకులంటూ ప్యాకెట్లు కొంటారు. అవి మనం విస్తళ్ళు కుట్టుకునే బాదం ఆకులే. చలికాలంలో ఎర్రబడి రాలిన ఆకును ఏరి, కడిగి, ఎండబెట్టి, పాతిక లీటర్లకు ఒకటి చొప్పున వేస్తే రెండు మూడు రోజుల్లో మునిగి నీటికి టీ రంగు తెస్తుంది. బూజును కొంత అదుపులో పెడుతుంది, దాని మీద పెరిగే జీవపు పొర పసిపిల్లలకు మేత అవుతుంది, ఆడచేపకు చాటు దొరుకుతుంది. పచ్చి ఆకు వద్దు, రోడ్డు పక్క దుమ్ము పట్టిందీ వద్దు. కానీ గట్టి నీటిని ఇది మెత్తబరచదు. ఆల్కలినిటీ ఎక్కువున్న చోట ఎన్ని ఆకులు వేసినా నీటి రంగు మారుతుంది, పీహెచ్ కదలదు.

ఏ చేప, ఏ ఇల్లు

మొదటిసారి అయితే క్రిబెన్సిస్. మగది పది సెంటీమీటర్లు, ఆడది ఏడు. ఆడదాని పొట్ట పండు చెర్రీ రంగు. ఓ మోస్తరు గట్టి నీటిలోనూ పిల్లలు తీస్తుంది. ఎపిస్టోల్లో కకటోయిడెస్‌తో మొదలుపెట్టాలి. మగదాని వెన్ను రెక్క కాకటూ చిలక జుట్టులా లేస్తుంది కాబట్టి ఆ పేరు. అగసిజై అందంగా ఉంటుంది గానీ నీటి విషయంలో పేచీ ఎక్కువ, అది రెండో ఏడాదికి ఉంచుకోండి. పరాగ్వే వైపు నుంచి వచ్చే బొరెల్లై చల్లదనం కోరే చేప, మన మే నెలలో దాన్ని బాధపెట్టడం ఎందుకు? ర్యామ్‌కు మన వేడి సరిపోతుంది, నీరు మాత్రం మెత్తగా ఉండాలి.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఊళ్ళవాళ్ళు ఇవన్నీ పక్కన పెట్టి మన దేశపు సిక్లిడ్‌నే తెచ్చుకోవచ్చు. ఆరెంజ్ క్రోమైడ్ దక్షిణ భారతం, శ్రీలంకల ఉప్పుకయ్యల చేప, ఎనిమిది సెంటీమీటర్లే. కేరళవాళ్ళు కరిమీన్ అని వండుకునే పెద్ద చేపకు చిన్న చెల్లెలు. వీటికి దగ్గరి చుట్టాలు ఇంకెక్కడో కాదు, మడగాస్కర్‌లో ఉన్నాయి. భూఖండాలు విడిపోయినప్పటి బంధుత్వం అదని కొందరి వాదన. దీని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరుక్కు తింటూ పెరుగుతాయి. మన కొట్లలో దీనికి గిరాకీ లేకపోవడం నాకు ఎప్పుడూ వింతే.

కొట్లో జత కొనేటప్పుడు ఒక జాగ్రత్త.

"ఇది జతేనాండీ?"

"జతేనండి బాబూ, పెద్దది మగది, చిన్నది ఆడది. చూస్తే తెలీట్లా?"

తెలియదు. ఎపిస్టోల్లో లొంగిపోయిన మగది ఆడదాని రంగులోనే ఉండిపోతుంది. పెద్ద మగదాని దెబ్బ తప్పించుకోవడానికి, సందు దొరికితే దొంగచాటుగా గుడ్ల దగ్గరికి చేరడానికీ అదొక ఎత్తు. ఆడదాని ముందు పొట్ట రెక్కల అంచు నల్లగా ఉండటం కొంత ఆనవాలు. అన్నిటికంటే మంచిది ఐదారు పిల్లల్ని కొని వాటినే జత కట్టనివ్వడం. కొట్లకు సరుకు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచే వస్తుంది. అక్కడి నీరు వేరు, ప్రయాణం వేరు. ఇంటికి తెచ్చాక గంటసేపు చుక్కచుక్కగా మన నీళ్ళు కలుపుతూ అలవాటు చేయాలి.

ఒక మగది, రెండు ఆడవి ఉండే ఎపిస్టో కుటుంబానికి రెండడుగుల ట్యాంకు, అంటే 54 లీటర్లు, కనీసం కావాలి. అడుగున గోదావరి ఇసుక రెండు వేళ్ళ మందం. ఇవి ఇసుకను నోటితో తీసి మొప్పల నుంచి వదులుతాయి, గులకరాళ్ళు పనికిరావు. సముద్రం దగ్గరి ఇసుక అయితే గుప్పెడు తీసి వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని పొంగితే అందులో గుల్లలున్నట్టు, అది నీటిని గట్టిపరుస్తుంది. గుహకు కొబ్బరి చిప్ప చాలు. కోనసీమలో ఇది కూడా డబ్బుపెట్టి కొనాలా? పీచు తీసి, అరగంట ఉడకబెట్టి, అంచున ఆడచేప మాత్రమే దూరేంత కన్నం చేసి బోర్లించాలి. కన్నం పెద్దదైతే మగది కూడా లోపలికొచ్చి గొడవ చేస్తుంది. ఒక్కో ఆడదానికి ఒక్కో చిప్ప, ఒకదానికొకటి కనిపించకుండా. ఫిల్టరు స్పాంజిదే, పసిపిల్లల్ని లాగేయదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి అట్టేపెట్టుకోండి. తుపాను వస్తే కరెంటు ఎన్ని రోజులకు వస్తుందో మన చేతిలో లేదు.

పసుపు రంగు తిరిగిన రోజు

నీళ్ళు మార్చేటప్పుడు కాస్త చల్లటి మెత్తటి నీరు పోస్తే వాన కురిసినట్టనిపించి ఎపిస్టోలు గుడ్లకు సిద్ధమవుతాయి. బూడిద రంగులో తిరిగే ఆడది ఒకరోజు పొద్దున పచ్చటి పసుపు ముద్దలా కనిపిస్తుంది, ఒంటి మీద నల్ల గీత కాటుకలా తేలుతుంది. చిప్ప దగ్గరే ఉంటుంది, మేత వేసినా వచ్చి పట్టుకుని వెనక్కు పోతుంది. లోపల కప్పుకు అంటించి 50 నుంచి 100 దాకా గుడ్లు పెట్టి ఉంటుంది. కకటోయిడెస్ గుడ్లు ఎర్రగా ఉంటాయి. టార్చి వేసి చూడాలని చేతులు దురదపెడతాయి, వద్దు. మూడు నాలుగు రోజులకు పొదుగుతాయి, ఇంకో నాలుగైదు రోజులు పిల్లలు అక్కడే తోకలు ఆడిస్తూ పడి ఉంటాయి.

ఈ వారంలో మగదాని ప్రాణానికే ముప్పు. తనకంటే రెట్టింపు ఉన్న మగదాన్ని ఐదు సెంటీమీటర్ల ఆడది ట్యాంకు మూలకు తరిమి రెక్కలు చీల్చగలదు. ట్యాంకు చిన్నదైతే మగదాన్ని తీసేయండి. కోరిడోరాస్ లాంటి అడుగున తిరిగే చేపలను అసలే ఉంచకండి. రాత్రి గుడ్లు తినడమో, తల్లి చేతిలో కళ్ళు పోగొట్టుకోవడమో, రెండిట్లో ఒకటి జరుగుతుంది.

పిల్లలు ఈదడం మొదలైన పొద్దున కుర్చీ వేసుకుని కూర్చోండి. తల్లి చిప్పలోంచి బయటికొచ్చి ఆగుతుంది. వెనకే ఇసుక కదిలినట్టు ఒక చిన్న మబ్బు వస్తుంది. తల్లి ఒళ్ళు గబుక్కున విదిలించి పొట్ట రెక్కలు ఆడిస్తే మబ్బు దగ్గరికి చేరుతుంది. ఏదైనా నీడ పడి అది బిగుసుకుపోతే పిల్లలన్నీ ఒక్కసారే ఇసుక మీదికి రాలిపోయి కనిపించకుండా పోతాయి. ముప్పు పోయాక తల్లి మళ్ళీ కదలగానే పైకి లేస్తాయి. దారి తప్పిన పిల్లను నోట్లో వేసుకుని తెచ్చి గుంపులో ఉమ్మేయడం చూసి "తినేస్తోంది" అని కంగారుపడేవాళ్ళు చాలామంది.

ర్యామ్‌ల పద్ధతి వేరు. గుహ అక్కర్లేదు, చదునైన రాయి మీద పెడతాయి, తల్లీ తండ్రీ ఇద్దరూ కాస్తారు. కొత్త జత మొదటి రెండు మూడు సార్లు గుడ్లు తినేయడం మామూలే. రాత్రి పూర్తి చీకటైతే కాపలా తప్పుతుంది కాబట్టి గదిలో జీరో బల్బు వెలగనివ్వండి. ర్యామ్ పిల్లలు మరీ చిన్నవి, మొదటి రోజులకు మైక్రోవర్మ్ అనే సన్నటి పురుగుల లాంటి మేత కావాలి.

ఎపిస్టో పిల్లలకు తొలి రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవి, సరిపోతుంది. రొయ్యల హేచరీలున్న ప్రాంతంలో ఉండి ఆర్టీమియా దొరకలేదనడానికి లేదు. లీటరు నీటికి పాతిక గ్రాముల కల్లుప్పు, తలకిందులుగా కట్టిన కూల్‌డ్రింకు సీసా, అడుగు నుంచి గట్టిగా గాలి, 28 డిగ్రీల వేడి, ఒక రోజు సమయం. గాలి ఆపి సీసా అడుగున లైటు చూపితే పిల్లలు వెలుతురుకు చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. సన్నటి గుడ్డలో వడగట్టి మంచినీటిలో కడిగి, పొదిగిన కొద్ది గంటల్లోనే వేయాలి. ఆలస్యమైతే వాటిలో సత్తువ తరిగిపోతుంది. చేపపిల్లల పొట్ట నారింజ రంగు తిరిగితే తిన్నట్టు లెక్క. వరి చేల నీటి నుంచి, ఆక్వా చెరువుల నుంచి పురుగులు తెచ్చి వేయకండి. చేలో పురుగుమందు, చెరువులో పేను మందు, రెండూ ఈ పసిగుడ్డులకు గండమే.

మూడు నాలుగు వారాలకు తల్లి మళ్ళీ గుడ్లకు వచ్చి పాత పిల్లల్ని తరమడం మొదలుపెడుతుంది. అప్పుడు వేరు చేయాలి. మూడు నాలుగు నెలలకు మగ ఆడ గుర్తుపట్టొచ్చు, ఆరు నెలలకు అవీ గుడ్లకు వస్తాయి. ఈ చేపల ఆయుష్షు రెండు మూడేళ్ళే కాబట్టి ఒక చలికాలం చేజారితే ఆ జతకు మిగిలేది ఒకటో రెండో.

మిగిలిన పిల్లల్ని కొట్టుకు ఇవ్వండి, తోటి పెంపకందార్లతో మార్చుకోండి. ఎండాకాలపు మగపిల్లలైనా సరే, రంగున్నవి కాబట్టి కొట్టువాడు కాదనడు. కాలవలోనో చెరువులోనో మాత్రం వదలకండి. అక్వేరియంల నుంచి బయటపడిన సకర్ క్యాట్‌ఫిష్ చేపల చెరువుల్లో చేరి రైతుల వలలు చీల్చి, మేత తినేసి డెవిల్ ఫిష్ అని పేరు తెచ్చుకుంది. మన డెల్టాలో ఆరేడు నెలలు ర్యామ్‌కు నచ్చే వేడి ఉంటుంది, క్రిబెన్సిస్‌కు నచ్చే నీరూ చాలాచోట్ల ఉంది, వదిలితే ఇవీ ఇక్కడే స్థిరపడిపోవచ్చు. ఇచ్చేందుకు ఎవరూ దొరకని ఏడాది ఆడదాని చిప్ప తీసేస్తే గుడ్లు పెట్టడం చాలావరకు తగ్గుతుంది.